గుప్పెడు నాష్తా

గులాం మొహియుద్దీన్ కడుపు కోయించుకున్నాడు, ఆ సంగతి పర్శరాములుకు చెప్పలేదు. అది తప్పు. అందులో వాదించడానికి ఏమీ లేదు. ఇరవై ఏళ్లకు పైగా పక్కపక్కన కూర్చుని, ఒకే డబ్బాలో చెయ్యి పెట్టి తిన్న మనిషి, బీదర్‌లో చుట్టాల పెళ్లి ఉందని అబద్ధమాడి ఆస్పత్రిలో పడుకుని వచ్చాడు. క్షమించడం పర్శరాములుకు చిన్నప్పటి నుంచీ చేతకాని పని. ఈ వయసులో కొత్తగా నేర్చుకునే ఉద్దేశం కూడా లేదు.

ఆ మాట మనసులో ఇంకోసారి గట్టిగా అనుకుని, పిండిలోకి అల్లం తురిమాడు.

బోరబండలో అతని గది ఒక ఇంటి మెట్ల కింద ఉంది. పొయ్యి దగ్గర నిలబడాలంటే తల వంచాలి. కుట్టుమిషన్ మీద వంగి వంగి పర్శరాములు మెడ నిటారుగా నిలబడడం ఎప్పుడో మానేసింది కాబట్టి ఆ గది అతనికి కొలిచి కుట్టినట్టు సరిపోయింది. సన్నటి మనిషి. మోచేతులు ఎముకలే. ఎడమచేతి చూపుడువేలి కొస సూదిపోట్లకు గట్టిపడి కాయ కాసింది. ఆ వేలితోనే గిన్నె అడుగున పిండిని అదిమి, మధ్యమధ్య చిల్లులు పెట్టి, నూనె చుక్కలు వేశాడు.

సర్వపిండి. అయితే ఇందులో బియ్యప్పిండి పేరుకే. పెసరపిండి, శనగపిండి, దంచిన పల్లీలు, నువ్వులు, చేత్తో చిదిమిన పనీర్. లావు తగ్గడానికని మొహియుద్దీన్ కడుపు సంచిని కోసి సన్నటి గొట్టంలా మిగిల్చారు. ఇప్పుడు అందులో పట్టేది గుప్పెడు. ఆ గుప్పెట్లో అన్నమూ ఇడ్లీలూ నింపేస్తే ప్రోటీన్‌కు చోటు ఎక్కడ? ఆస్పత్రిలో తిండి గురించి చెప్పే అమ్మాయి ఈ మాట మొహియుద్దీన్ భార్య ఖుర్షీదాకు చెప్పింది. ఖుర్షీదా పర్శరాములుకు ఫోన్లో చెప్పింది. ఒక్కసారే చెప్పింది. కొలతలు రెండోసారి అడిగే అలవాటు అతనికి లేదు.

మొదట్లో పల్చటి పెసరకట్టు, వడకట్టి. తర్వాత గడ్డపెరుగు, ఉడికిన గుడ్డు మెత్తగా చిదిమి. కొంచెం గట్టిపడ్డాక అలసంద గుడాలు, మీల్‌మేకర్ పొరటు, అరచేతంత పెసరట్టు. పడుకునే ముందు నానబోస్తే తెల్లారి ఎంతోసేపు పట్టదు. పనికి పోయే మనిషి తనకు తాను చేసుకోగలిగినవే ఇవన్నీ. కానీ మొహియుద్దీన్ చేసుకోడు. ఖుర్షీదా చేస్తే నెయ్యి పోయకుండా చెయ్యి ఆపుకోలేదు. అందుకని పర్శరాములు చేస్తాడు. ఇందులో ప్రేమ ఏమీ లేదు. తన చేతి తిండి తిని మనిషి పడిపోవడం మళ్లీ చూడలేడు, అంతే.

మూత తీశాడు. ఇన్నాళ్లూ ఈ సర్వపిండి చేసినప్పుడల్లా విరిగి పొడిపొడి అయ్యేది. బియ్యప్పిండి తగ్గితే పట్టు ఉండదు. ఇవాళ గిన్నె బోర్లిస్తే గుండ్రంగా, ఎర్రగా, ఒక్క ముక్కగా చేతిలోకి జారింది. పర్శరాములు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. గొంతులో దగ్గులాంటిది ఒకటి కదిలింది. ఎరిగినవాళ్లయితే అది నవ్వని చెబుతారు.

ఇవాళ కుదరడం మంచిదే అయింది. ఈ రాత్రికి మొహియుద్దీన్, ఖుర్షీదా ఉమ్రాకు మక్కా పోతున్నారు. దారిలో తినడానికి పుట్నాలపిండి, పల్లీలపిండి కలిపి వేయించి, చొక్కా గుడ్డల మిగులుతో చిన్నచిన్న సంచులు కుట్టి, వాటిలో పోసి మూతులు బిగించాడు. మజ్జిగలో కలుపుకుంటే నాష్తా. ఆ దేశంలో మజ్జిగ దొరక్కుండా ఉంటుందా.

అయితే ఆ ప్రయాణంలో ఒక చిక్కు ఉంది. యాత్రకు పోయేవాళ్లు పోయేముందు ఎరిగినవాళ్లందరి దగ్గరికీ వెళ్లి, తెలిసో తెలియకో ఏదైనా తప్పు చేసి ఉంటే మాఫ్ చేయమని అడగడం వాళ్ల రివాజు. మొహియుద్దీన్ వారం నుంచీ గల్లీ అంతా తిరిగి అడుగుతున్నాడు. చాయ్ హోటల్ వాణ్ని అడిగాడు. ఎదురుగా ఉన్న పోటీ దుకాణం టైలర్‌ని అడిగాడు. తామిద్దరూ పనిచేసే టైలర్ దుకాణం యజమాని రామకృష్ణను అడిగితే, ఆయన కంగారుపడి తనే ఎదురు క్షమాపణ చెప్పాడు. మిగిలింది పర్శరాములు ఒక్కడే.

అడిగితే మాఫ్ చేశానని అనాలి. మనసులో లేని మాట పర్శరాములు అనడు. చెయ్యనంటే మొహియుద్దీన్ విమానం ఎక్కడు. ఎక్కినా అక్కడ మనసు నిలవదు. ఎన్నో ఏళ్లుగా కలవరించిన ప్రయాణం అది. కాబట్టి ఉన్న దారి ఒక్కటే: అడగనివ్వకూడదు. మధ్యాహ్నం దాకా ఎట్లాగో తప్పించుకుంటే ఆయన పోతాడు.

డబ్బా సంచిలో పెట్టుకుని గది తాళం వేశాడు.

బస్సు దిగేసరికి అమీర్‌పేట అప్పటికే అరుస్తోంది. మైత్రీవనం ముందు కోర్సుల కాగితాలు పంచేవాళ్లు దారికి అడ్డంగా నిలబడ్డారు. తల నెరిసినవాళ్ల చేతుల్లో కూడా పెట్టేస్తారు. పర్శరాములు ఏ రోజూ కాదనడు. ఆ కాగితం దళసరిగా ఉంటుంది, కాలర్ నమూనాలు కత్తిరించుకోవడానికి బాగుంటుంది. ఇన్నేళ్లలో అతని కత్తెర కింద జావా నుంచి ఏఐ దాకా అన్ని చదువులూ కాలర్లయిపోయాయి.

మెట్రో స్తంభం పక్కన మొహియుద్దీన్ నిలబడి ఉన్నాడు. ఒకప్పుడు ఎంత జనంలో ఉన్నా ఆయన్ని వెతకాల్సిన పని ఉండేది కాదు. ఇప్పుడు వెతకాలి. గోరింటాకుతో ఎర్రబడ్డ గడ్డం అదే, కళ్లు అవే. బుగ్గలు లోపలికి పోయాయి. పాత చొక్కాలో గాలి తిరుగుతోంది.

"పంజగుట్ట, పంజగుట్ట!" అంటూ షేర్ ఆటో వచ్చి ఆగింది. డ్రైవర్ వెనక సీటు వైపు చెయ్యి ఊపాడు. ఇదివరకు మొహియుద్దీన్‌ను చూస్తే ఆటోలు ఆగేవి కావు. ఆగినా రెండు సీట్ల పైసలు అడిగేవి. ఇప్పుడు మొహియుద్దీన్ ఇద్దరు కాలేజీ పిల్లల మధ్య దూరి కూర్చుని, అక్కడి నుంచి పెళ్లికొడుకులా చుట్టూ చూశాడు.

"చూసినవా అన్నా? ఇద్దరి నడుమ పట్టిన!"

"నడుమ పట్టినవ్. నోరే పడతలేదు," అన్నాడు పర్శరాములు డ్రైవర్ పక్కన ఒరిగి కూర్చుంటూ.

డ్రైవర్ అద్దంలోంచి మొహియుద్దీన్‌ను పోల్చుకున్నాడు. "అరె చచా, మీరేనా? పోయినేడు మీరెక్కితే నా ఆటో ముందు చక్రం గాల్లకు లేస్తుండె!"

ఆటోలో అందరికన్నా గట్టిగా నవ్వింది మొహియుద్దీనే. నవ్వి, కళ్లు తుడుచుకుని, ముందుకు వంగి పర్శరాములు భుజం మీద చెయ్యి వేశాడు.

"అన్నా, ఇయ్యాల పోతున్న గద. నిన్ను ఒక మాట అడగాలె."

"భాయ్, ఆపు," అన్నాడు పర్శరాములు డ్రైవర్‌తో. "ఈడ్నే దిగుతం."

"దుకాణం ఇంకా దూరమున్నది కదన్నా!"

"నడవాలె. డాక్టర్ నడవమన్నడు."

"నడవమన్నది నన్ను. నిన్ను గాదు."

అప్పటికే పర్శరాములు దిగి, పైసలు ఇచ్చి, పది అడుగులు ముందున్నాడు. ఒకప్పుడైతే ఆ ఎడం చాలు. మొహియుద్దీన్ నాలుగు అడుగులకు ఒకసారి కరెంటు స్తంభాన్ని పట్టుకుని ఆయాసపడేవాడు. ఇప్పుడు వెనక చెప్పుల చప్పుడు దగ్గరవుతోంది. పర్శరాములు అడుగు పెంచాడు. చప్పుడు కూడా పెరిగింది. పంజగుట్ట రోడ్డు పక్కన ఇద్దరు ముసలివాళ్లు ఒకరి వెనక ఒకరు దాదాపు పరుగు మీద పోతుంటే, పూలమ్మే ఆమె బుట్ట పక్కకు లాక్కుని దారి ఇచ్చింది.

మెట్ల దగ్గర మొహియుద్దీన్ అతన్ని దాటేశాడు. రామకృష్ణ టైలర్స్ ఆ భవనంలో పై అంతస్తులో ఉంది. మెట్లు ఇరుకు, నిలువు. వాటి మధ్యలో మొహియుద్దీన్ కూర్చోవడానికని ఒక స్టూలు వేసి ఉంచే రోజులు ఉండేవి. ఇప్పుడు ఆయన పైన నిలబడి, నడుము మీద చేతులు పెట్టుకుని కిందికి చూస్తున్నాడు.

"ఏందన్నా, ముసలోనివైనవా?"

పర్శరాములు రొప్పుతూ మిగిలిన మెట్లు ఎక్కాడు. ఆయన ఆ మాట అడగడానికి వీల్లేకుండా, కౌంటర్ దగ్గర బిల్లులు రాసే మమత అప్పుడే తలెత్తింది.

"రాములు కాకా, ఇయ్యాల ఏం నాష్తా? మాకు సుత పెట్టరాదు, మేము సుత సన్నగైతం."

"నువ్వు సన్నగైతే మీ అమ్మ నా మీదికొస్తది," అని పర్శరాములు డబ్బా మూత తీశాడు.

మొహియుద్దీన్ కాజాలు కుట్టే బల్ల దగ్గర కాగితం పరిచి కూర్చున్నాడు. సర్వపిండిని చూసి కాసేపు ముట్టుకోలేదు. "ఒక్కటిగ వచ్చింది!" అన్నాడు, పుట్టిన పిల్లను చూసినట్టు. పర్శరాములు దాన్ని తుంచి, నాలుగో వంతు ఆయన ముందు పెట్టాడు. పక్కన చెంచాడు గడ్డపెరుగు, సగం గుడ్డు. అంతే. అది ఆయన నాష్తా. మిగతాది తనది.

మొహియుద్దీన్ చిన్న ముక్క నోట్లో పెట్టుకుని నమిలాడు. నమిలి నమిలి, మింగి, చెయ్యి ఒళ్లో పెట్టుకుని ఆగాడు. తర్వాత ఇంకో ముక్క. ఒకప్పుడు ఆ మనిషి డబ్బా తెరవడం, ఖాళీ చేయడం ఒకే పనిగా చేసేవాడు. ఇప్పుడు నువ్వు గింజ పన్ను కింద పగిలినా ఆయన మొహంలో తెలుస్తుంది. పర్శరాములు సూదిలోకి దారం ఎక్కిస్తున్నట్టు నటిస్తూ ప్రతి ముద్దా దిగే దాకా చూశాడు.

"దేవవదిన చేసినట్టె ఉన్నదన్నా," అన్నాడు మొహియుద్దీన్, పర్శరాములు భార్యను తలుచుకుని.

"తినేటప్పుడు మాట్లాడొద్దని చెప్పలేదా డాక్టర్?"

మమత గ్లాసుతో నీళ్లు తెచ్చింది. పర్శరాములు దాన్ని చేత్తో అడ్డుకుని దూరంగా పెట్టాడు. తిండితో నీళ్లు తాగకూడదు, అరగంట ఆగాలి. చాయ్ కూడా అంతే. ఈ విషయంలో దుకాణమంతా పర్శరాములుకు భయపడుతుంది.

ఆ భయానికి కారణం పూరీల రోజు. ఆ సంగతి ఎవరూ ఎత్తరు.

బీదర్ పెళ్లి అన్న రోజులు గడిచి మొహియుద్దీన్ పనిలోకి వచ్చాడు. కొంచెం చిక్కాడు, పెళ్లి తిరుగుడుకు అలిసి ఉంటాడనుకున్నాడు పర్శరాములు. చాలా రోజులకు వచ్చాడు కదా అని పూరీలు, కీమా వండి తెచ్చాడు. మొహియుద్దీన్ డబ్బాను చూసి ఏదో అనబోయి ఆగాడు. చెయ్యి పెట్టాడు. రెండు పూరీలు తిన్నాడు. తర్వాత ఇస్త్రీ బల్లకూ మిషన్‌కూ మధ్య కడుపు పట్టుకుని నేల మీద ముడుచుకున్నాడు. ఒళ్లంతా చల్లటి చెమట. తిన్నదీ తాగిందీ కక్కుకున్నాడు. ఆటోలో ఆస్పత్రికి తీసుకుపోయాక, కోసిన కుట్లు ఇంకా మానని కడుపు అని అక్కడ తెలిసింది. డాక్టరు కోపంగా బయటికొచ్చి, "పూరీ ఎవరు పెట్టారు?" అని అడిగాడు. బళ్లో పంతులు అడిగినప్పుడు లేపినట్టు పర్శరాములు చెయ్యి లేపాడు.

రెండు రోజుల్లో మొహియుద్దీన్ లేచి కూర్చుని నవ్వాడు. పర్శరాములు నవ్వలేదు. ఆయన పోయి ఉంటే తన చేతి తిండితో పోయినట్టు. ఆ లేపిన చెయ్యి ఇంకా దించలేదనిపిస్తుంది అతనికి అప్పుడప్పుడు.

దేవవ్వ కూడా చెప్పలేదు. అతని భార్య. సిరిసిల్లలో మగ్గం వదిలి పట్నం వచ్చి టైలర్‌గా నిలదొక్కుకుంటున్న రోజులవి. పెళ్లిళ్ల కాలం, పగలూ రాత్రీ పని. రొమ్ములో గడ్డ ఉందని ఆమె ఆ కాలమంతా దాచింది. చెప్పేనాటికి డాక్టర్లు చేసేది ఏమీ మిగల్లేదు. ఆమె పోయాక చాలా కాలం ఖుర్షీదా ఇద్దరికి సరిపడా నాష్తా కట్టి పంపింది. అతను వంట నేర్చుకున్నది ఆ డబ్బాలు తిని తిని, సిగ్గుపడి. చెప్పనివాళ్లు ఇద్దరు. ఒకరికి చివరిదాకా అన్నం కలిపి తినిపించాడు. ఇంకొకరికి ఇప్పుడు రోజూ డబ్బా కడుతున్నాడు. ఇద్దరినీ మాఫ్ చేయలేదు. కట్టడం వేరు, మాఫ్ చేయడం వేరు.

పొద్దంతా పర్శరాములు మిషన్ ఆపలేదు. మొహియుద్దీన్ దగ్గరికొచ్చి గొంతు సవరించుకున్నప్పుడల్లా తొక్కుడు పెంచాడు. రెండుసార్లు దారం అయిపోయిందని కిందికి దిగాడు. అరలో దారపు రీళ్లు నిండుగా ఉండడం మమత చూసింది.

మధ్యాహ్నం నమాజు వేళకు మాత్రం మిషన్ ఆగింది. మొహియుద్దీన్ మూలన చాప పరిచినప్పుడు చప్పుడు ఆపడం మొదటి నుంచీ ఉన్న అలవాటు. ఇదివరకు ఆయన కుర్చీలో కూర్చునే నమాజు చేసేవాడు. మోకాళ్లు ఒంగేవి కావు, ఒంగితే లేచేవి కావు. ఇప్పుడు మోకాళ్ల మీద దిగాడు, నుదురు నేలకు ఆనించాడు, గోడ పట్టుకోకుండా లేచాడు. మళ్లీ దిగాడు. మళ్లీ లేచాడు. అవసరమైన దానికన్నా కొంచెం ఎక్కువసేపు నుదురు నేల మీదే ఉంచినట్టు అనిపించింది పర్శరాములుకు. చంటిపిల్లాడికి నడక వచ్చినట్టు, ఆ మనిషికి నేల మళ్లీ దొరికింది.

నమాజు అయ్యాక పర్శరాములు అరలోంచి పొట్లం తీసి ఆయన చేతిలో పెట్టాడు. తెల్లటి కుర్తా పైజామా. ప్రయాణానికి కుట్టాడు. అక్కడ యాత్రలో కుట్టు పడని గుడ్డలే కట్టుకోవాలట. అయితే ఇంటి నుంచి బయల్దేరేది కుట్టిన బట్టల్లోనే కదా. మొహియుద్దీన్ పొట్లం గుండెకు హత్తుకుని, బట్టలు తొడిగి చూసే గదిలోకి పోయాడు.

కాసేపటికి లోపల్నుంచి పిలుపు వచ్చింది. "అన్నా... జర ఇటు రా."

కర్టెన్ తొలగించి పర్శరాములు అక్కడే నిలబడిపోయాడు. వెనక నుంచి తొంగిచూసిన మమత రెండు చేతులతో నోరు మూసుకుంది.

పైజామా లోపల ఇంకో మొహియుద్దీన్ పడతాడు. నడుము పట్టీని రెండు పిడికిళ్లతో పట్టుకుని ఆయన నిలబడి ఉన్నాడు. కుర్తా భుజాలు మోచేతుల దగ్గరికి జారాయి. కాళ్ల దగ్గర గుడ్డ కుప్ప పోసినట్టు పడింది.

"కాకా, ఇది పైజామానా, షామియానానా?" అని మమత కౌంటర్ వైపు పరుగెత్తి అక్కడ నవ్వింది.

తప్పు ఎక్కడ జరిగిందో పర్శరాములుకు వెంటనే తెలిసింది. పూరీల రోజు తర్వాత అతను మొహియుద్దీన్ నడుముకు టేపు పెట్టలేదు. మాట్లాడతాడు, తిండి పెడతాడు. ఒంటి మీద చెయ్యి వేసి కొలిచేంత దగ్గరితనం మాత్రం ఇక ఇవ్వదలుచుకోలేదు. ఇన్నేళ్లు కుట్టిన ఒళ్లే కదా అని కొలత అడక్కుండా కత్తిరించాడు. కంటి ముందు రోజూ తరిగిపోతున్న మనిషిని కళ్లు చూశాయి కానీ చేతులకు ఎవరూ చెప్పలేదు. చేతులు పాత మొహియుద్దీన్‌కే కుట్టాయి.

"టైమున్నదా?" అన్నాడు.

"ఖుర్షీదా ఆటో తీసుకొని వస్తది. జర టైమున్నది."

పర్శరాములు మెడలోంచి టేపు తీసి ఆయన నడుము చుట్టూ వేశాడు. ఇదివరకు ఆ పని ఒక్కడి వల్ల అయ్యేది కాదు. టేపు ఒక కొస మొహియుద్దీన్ బొడ్డు దగ్గర పట్టుకుంటే, పర్శరాములు ఆయన చుట్టూ నడిచి వచ్చేవాడు. ఇప్పుడు చేతులు రెండూ వెనక ఒకదానికొకటి తగిలాయి. టేపు చాలా మిగిలింది. ఆ మిగిలిన టేపును పట్టుకుని అతను కాసేపు అట్లాగే ఉన్నాడు. పక్కటెముకల కింద ఆయన ఊపిరి తీయడం చేతికి తెలుస్తోంది. ఆయాసం లేదు.

అంకె చూసుకుని, గుండుసూదులు గుప్పెడు తీసి పెదవుల మధ్య పెట్టుకుని, మోకాళ్ల మీద కూర్చున్నాడు. అంచు మడిచి మొదటి సూది గుచ్చాడు.

మొహియుద్దీన్ పైనుంచి చూశాడు. టైలర్ కాళ్ల దగ్గర మోకాళ్ల మీద ఉన్నాడు. నోటి నిండా సూదులు. చేతిలో సగం మడిచిన అంచు. లేవలేడు, పారిపోలేడు, మాట్లాడలేడు. దేవుడు అంతకన్నా మంచి సమయం ఇవ్వడని ఆయనకు అర్థమైంది.

"అన్నా, మాఫ్ చెయ్యి."

పర్శరాములు తల ఎత్తలేదు. రెండో సూది గుచ్చాడు.

"అబద్ధం చెప్పిన. బీదర్ పోలే. నీ చేతి పూరీ తిని నీ మీద నింద పడేటట్టు చేసిన. దునియాల అందరిని అడిగిన, అందరు ఇచ్చిన్రు. నువ్వు ఇయ్యకుంటే నేను ఆడికి పోయి ఏం మొహం చూపియ్యాలె?"

మూడో సూది.

"ఎందుకు చెప్పలేదని నువ్వు ఒక్కనాడన్న అడగలే. అడుగుతవని చూసిన. నువ్వు అడగవు. నేనే చెప్త." మొహియుద్దీన్ గొంతు తగ్గింది. "నీకు చెప్తే వద్దంటవ్. వదిన పోయిన కాడి నుంచి ఆస్పత్రి అంటేనే నీకు వణుకు. ఖుర్షీదా వద్దంటే నేను విననన్నా. బిడ్డ యుస్రా వద్దంటే వినను. నువ్వు వద్దంటే ఆగిపోయేటోన్ని. గందుకే చెప్పలే."

పర్శరాములు చేతిలో అంచు జారింది. మళ్లీ మడిచాడు. సూది గుచ్చబోతే అది ఎక్కడ దిగాలో దొరకలేదు. పెదవుల మధ్య సూదులను ఒక్కొక్కటిగా తీసి, మణికట్టుకు కట్టుకున్న దిండులో గుచ్చాడు. దేవవ్వ మంచం మీద, చివరి రోజుల్లో, చెబుదామనుకున్నా అని ఏదో మొదలుపెట్టింది. అతను కోపంతో ఆ మాట పూర్తి చేయనివ్వలేదు. ఆ సగం మాట ఇన్నేళ్లూ అట్లాగే ఉండిపోయింది. ఇప్పుడు ఎందుకు చెప్పలేదన్న మిగతా సగం ఎవరో తెచ్చి చేతిలో పెట్టినట్టుంది.

"మాఫ్ చేసిన అని అబద్ధం చెప్ప," అన్నాడు నేలను చూస్తూ. "నా పానం ఒప్పుకోదు."

మొహియుద్దీన్ నడుము పట్టీని ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

"గని గా ముచ్చట ఇగ ఎన్నడు నా నోట రాదు. మనసుల సుత రాకుండ చూస్త."

మొహియుద్దీన్ ఆలోచించాడు. ఇట్లాంటి జవాబు గురించి మసీదులో ఎవరూ చెప్పి ఉండరు. "అంటే... మాఫ్ అయినట్టేనా అన్నా? లెక్కల పడతదా?"

"నన్నెందుకు అడుగుతవ్? నీ అల్లాను అడుగు. దగ్గరికే పోతున్నవ్ గద!"

మొహియుద్దీన్ నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వుతూ నడుము పట్టీ వదిలేశాడు. పైజామా కిందికి జారబోయింది. పర్శరాములు రెండు చేతులతో ఆయన నడుము పట్టుకుని, "ఆగు, ఆగు, సూదులున్నయ్!" అని అరిచాడు. మొహియుద్దీన్ ఆగలేదు. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో ఆయనకే తెలియలేదు. వంగి పర్శరాములు తల మీద చెయ్యి పెట్టాడు. పర్శరాములు ఆ చేతిని తోసేయలేదు. కొద్దిసేపే.

తర్వాత కుట్టు విప్పడం, మళ్లీ కత్తిరించడం, మళ్లీ కుట్టడం. పర్శరాములు చేతులు అంత వేగంగా కదలడం రామకృష్ణ ఎప్పుడూ చూడలేదు. ఇదివరకు ఎప్పుడూ ఆ మనిషి బట్టల్లో అతను లోపల వెడల్పుగా గుడ్డ మడిచి వదిలేవాడు, రేపు ఒళ్లు పెరిగితే విప్పుకోవచ్చని. ఈసారి కుట్టు పక్కన వేలెడు మాత్రం ఉంచి మిగిలింది కత్తిరించి పారేశాడు.

ఖుర్షీదా కింది నుంచి ఫోన్ చేసింది. ఆటో వచ్చింది. రామకృష్ణ తెప్పించిన గులాబీల దండ మొహియుద్దీన్ మెడలో వేశాడు. "ఏంటి మొహియుద్దీన్ గారూ, పెళ్లికొడుకులా ఉన్నారు! మా కోసం కూడా దువా చేయండి," అన్నాడు. మమత ఫోటో తీసింది. తెల్లటి బట్టల్లో, సరిగ్గా భుజాల మీద కూర్చున్న కుర్తాలో, మొహియుద్దీన్ ఎప్పుడూ అంతే సన్నగా ఉన్నవాడిలా నిలబడ్డాడు.

పర్శరాములు పిండి సంచులన్నీ ఒక పెద్ద సంచిలో వేసి కింది దాకా మోసుకుపోయాడు. ఆటోలో ఖుర్షీదా చేతిలో పెట్టాడు. "పొద్దున ఫస్టు ఇదే తాగాలె. ఆడ ఖర్జూరాలు చూసి ఎగబడనియ్యకు చెల్లె."

"నేను చూస్త అన్నా, నువ్వు ఫికర్ చెయ్యకు."

మొహియుద్దీన్ ఎక్కాడు. గుండె మీద చెయ్యి వేసుకుని తల వంచాడు. ఆటో గల్లీ మలుపులో హారన్ కొట్టి మెయిన్ రోడ్డు రద్దీలో కలిసింది. కాసేపు ఎర్ర గులాబీలు కనబడ్డాయి. తర్వాత అవి కూడా కనబడలేదు.

పర్శరాములు మెట్లెక్కి వచ్చి మిషన్ దగ్గర కూర్చున్నాడు. రామకృష్ణ కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. ఆయనకు ఆగడం చేతకాదు.

"ఏంటి రాములు గారూ, లోపల అంతసేపు ఏం మాట్లాడుకున్నారు? మొత్తానికి మాఫీ ఇచ్చారా, లేదా?"

"ఏం లేదు సార్. పైజామా లూజైంది, టైట్ చేసిన."

"అది కాదండీ, ఆ ఆపరేషన్ గొడవ..."

పర్శరాములు చక్రం మీద చెయ్యి వేసి మిషన్ ఆపాడు.

"గా ముచ్చట నా దగ్గర ఇగ ఎవ్వలు తియ్యొద్దు సార్. మీరు సుత. నేనైతే సచ్చేదాంక తియ్య."

రామకృష్ణ కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. మిషన్ మళ్లీ కదిలింది. ఆ రోజుకు ఇవ్వాల్సిన చొక్కాలు ఇంకా ఉన్నాయి.

చీకటి పడ్డాక, దుకాణం మూసేముందు లైటు ఆర్పడానికి పర్శరాములు బట్టలు తొడిగే గదిలోకి పోయాడు. గోడ మేకుకు మొహియుద్దీన్ పొద్దున వేసుకొచ్చిన ప్యాంటు వేలాడుతోంది. దాని నడుముకు బెల్టు అట్లాగే ఉంది. కంపెనీ వేసిన చిల్లులు చాలక, నడుము తగ్గినప్పుడల్లా మొహియుద్దీన్ కత్తెరమొనతో పొడుచుకున్న చిల్లులు వంకరటింకరగా, ఒకదాని వెనక ఒకటి, బకిల్ వైపుకు నడిచిపోయి ఉన్నాయి.